ఆరో గొంతు

డాబాగార్డెన్స్ సందులో నా కొట్టుకి
పాత దుప్పట్లో చుట్టి తెచ్చాడు పోలిరాజు,
జ్వరమొచ్చిన పిల్లని ఆటోలోంచి దించినట్టు.
"ఏటమ్మా, బతుకుద్దా?"
నలభయ్యేళ్ల జపాను సింథసైజరు.
ఎవరో నావికుడు వన్‌టౌన్‌లో
బాకీ కింద వదిలేసి ఓడెక్కాడట.

ఒకటే మీట నొక్కాను.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. బానే ఉంది.
ఆరోసారి
మూలిగింది.
మళ్లీ ఐదు బాగు, మళ్లీ మూలుగు.
మీటది కాదు తప్పు.
లోపల ఆరు గొంతులు వంతులేసుకుని పాడతాయి,
వీధికుళాయి దగ్గర బిందెల్లా.
వరసలో ఆఖరి బిందెకి చిల్లు.

"హుద్‌హుద్ కాడ్నించీ అంతే" అన్నాడు.
మరి ఇన్నేళ్లూ ఎలా వాయించావయ్యా?
నవ్వి, ఎడమచేతి చిటికెనవేలు చూపించాడు.
ఐదు స్వరాలు లెక్కపెట్టుకుని
ఆరోదాన్ని అట్టడుగు మీట మీద పారేసేవాడట,
సరిగ్గా డోలు దెబ్బ కింద.
జాతరల్లో, పెళ్లిళ్లలో, నేవీ వాళ్ల క్లబ్బులో
ఎవరూ పట్టుకోలేదు.
డోలు బంగారయ్యకి మాత్రం తెలుసు,
ఆ ఒక్క దెబ్బా కాస్త గట్టిగా వేసేవాడు.

పద్నాలుగు మరలు. రెండు రాలేదు, డ్రిల్లు పెట్టాను.
ఈ ఊళ్లో ఏ పెట్టె మూత తీసినా
లోపల కొంచెం సముద్రం ఉంటుంది.
ఉప్పు, రేవు నుంచి ఎగిరొచ్చిన ఎర్రదుమ్ము,
ఎండిన బొద్దింక, ఎవరి పెళ్లిదో ఒక అక్షింత.

ఆరో చిప్పుని ఒకటో చోట కూచోబెట్టాను,
ఒకటోదాన్ని ఆరో చోట.
మూలుగు కదల్లేదు.
అంటే గొంతు మంచిదే, కూచున్న చోటే చెడ్డది.
మా ఆయన డాక్‌యార్డు ఉద్యోగం గుర్తొచ్చి
నాలో నేనే నవ్వుకున్నాను.

భూతద్దంలో దొరికింది:
బ్యాటరీ కక్కిన పచ్చటి చిలుము
చీమలబారులా నడిచి
వెంట్రుకంత రాగిదారిని తినేసింది.
బ్యాటరీ తీయాలి.
తీస్తే, దాచుకున్న ధ్వనులు అరవైనాలుగూ పోతాయి.

పోలిరాజు జేబులోంచి చెమటకి మెత్తబడ్డ పుస్తకం తీశాడు.
పదకొండు: సన్నాయి, పక్కనే.
పన్నెండు: సన్నాయి, రెండు వీధుల అవతల.
నలభై ఏడు: తాటాకు మీద వాన.
యాభైమూడు దగ్గర పేరు లేదు, ఒక గీత ఉంది.
నేనడగలేదు.

వెనకవైపు క్యాసెట్‌కి ఒక దారి ఉంటుంది వీటికి.
పూర్ణా మార్కెట్ అంతా తిరిగినా ఖాళీ క్యాసెట్ దొరకలేదు.
మా అత్తగారి వ్రతకథ క్యాసెట్ తీసి,
అంచున చిల్లుకి అంటుకాగితం వేసి, రెండో వైపు పట్టాను.
ఒకటే గీపెట్టు, నిమిషం పాటు.
సన్నాయీ, వానా, గీత గీసిందీ
అన్నీ ఆ అరుపులోనే.

అప్పుడు తీశాను బ్యాటరీ.
నిమ్మరసంతో చిలుము కడిగి, స్పిరిట్‌తో తుడిచి,
తెగిన చోట టెలిఫోను వైరులోంచి ఒక్క పోగు అతికాను,
ఊపిరి బిగబట్టి,
కంచరపాలెం ఐటీఐలో సారు నేర్పినట్టే.
టంకం పొగ గుగ్గిలం వాసనేసింది.
కొత్త బ్యాటరీ పెట్టి, అరుపుని తిరిగి తాగించాను.
అరవైమూడు వచ్చాయి. ముప్పై ఒకటి రాలేదు.
పుస్తకంలో చూశాను: కప్పలు.

మూడో సాయంత్రం వచ్చి కూచున్నాడు.
ఒకటే మీట: ఐదు, ఆరు, పన్నెండు, ఇరవై.
ఎక్కడా మూలుగు లేదు.
వాయించమన్నాను.
ఐదు స్వరాలయ్యాయి,
చిటికెనవేలు దానంతటదే వెళ్లి అడుగు మీట మీద పడింది.
ఇప్పుడది శుద్ధంగా, లోతుగా మోగింది,
రాత్రి రేవు వదిలే ఓడలా.
దాచడానికి డోలు లేదు,
బంగారయ్యా లేడు.
వేలు వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ పడింది.
"ఇది ఒగ్గదమ్మా" అన్నాడు దాన్నే చూస్తూ.
పెట్టెకైతే వైద్యం చేస్తాను.
వేలి జోలికి పోలేదు.

లేచే ముందు యాభైమూడు పెట్టి
ఒక్క స్వరం నొక్కిపట్టి, చెక్కకి చెవి ఆనించి విన్నాడు.
ఏడొందలిచ్చాడు.
క్యాసెట్ కూడా అడిగి పట్టుకెళ్లాడు.
శ్రావణమాసం దగ్గరకొస్తోంది,
అత్తగారికేం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.